రెండేళ్లా, డెబ్బై ఏళ్లా? ఒక వాగ్దాన వచనాన్ని చదవడం

డిసెంబరు 31 రాత్రి మన చర్చిల్లో ఏం జరుగుతుందో తెలుగు క్రైస్తవులకు చెప్పక్కర్లేదు. లోపల చోటు చాలక బయట షామియానా కింద కుర్చీలు వేస్తారు. పన్నెండు దాటగానే ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు, కేకు కోస్తారు. ఆ తర్వాత అందరూ లైన్లో నిలబడతారు. అయ్యగారి ముందు పళ్లెంలో బోర్లించిన చిన్న చిన్న కార్డులుంటాయి. ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన వాగ్దానం అదే. ఇక డిసెంబరు దాకా ఆ కార్డు బైబిల్లోనో పర్సులోనో ఫ్రిజ్ తలుపు మీదో ఉండిపోతుంది.

ఆ పళ్లెంలో కొన్ని వచనాలు ఎప్పుడూ ఉంటాయి, కొన్ని ఎప్పుడూ ఉండవు. 88వ కీర్తన చివరి మాట చీకటి. ఆ వచనం ఉన్న కార్డు నేనింతవరకు చూడలేదు. తప్పకుండా ఉండేది యిర్మీయా 29:11. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు, ఇదే యెహోవా వాక్కు."

నాకూ ఒక ఏడాది ఇదే వచ్చింది. ఆ ఏడాది ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. అంటే మార్చిలోపు వచ్చేస్తుందన్నమాట అనుకున్నాను. రాలేదు. దేవుడి మీద కోపం వచ్చింది, తర్వాత నా విశ్వాసం మీదే అనుమానం వచ్చింది. ఆ వచనానికి పైన ఏముందో చదవాలన్న ఆలోచన మాత్రం చాలాకాలం దాకా రాలేదు.

బైబిలును నమ్మకంగా అర్థం చేసుకోవడం, దాన్ని బతుకులోకి తెచ్చుకోవడం గురించి చాలా పాఠాలు చెప్తారు. సూత్రాలు వల్లించడం కంటే ఈ ఒక్క వచనాన్ని పట్టుకుని నడిస్తే విషయం బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

అది ఒక ఉత్తరం

యిర్మీయా 29వ అధ్యాయం నిజంగా పంపిన ఒక ఉత్తరం. పంపిన యిర్మీయా ప్రవక్త యెరూషలేములో ఉన్నాడు, అందుకున్న యూదులు బబులోనులో ఉన్నారు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును పట్టుకుని, యూదా రాజు యెకొన్యానూ అతని తల్లినీ అధికారులనూ కంసాలులనూ పనివాళ్లనూ చెరపట్టి తీసుకుపోయాడు. ఇది బైబిలు ఒక్కటే చెప్పే మాట కాదు. నెబుకద్నెజరు ఏడో ఏట యూదా పట్టణాన్ని పట్టుకుని అక్కడి రాజును బంధించాడని బబులోనీయులే మట్టిపలక మీద రాసుకున్నారు. ఆ పలక ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. చెరలో ఉన్న ఆ రాజుకీ అతని కొడుకులకీ ఎంత నూనె కొలిచి ఇచ్చారో రాసిన పలకలు కూడా బబులోను శిథిలాల్లో దొరికాయి.

అలా వెళ్లినవాళ్లు అక్కడ ఎలా బతకాలో తెలియక ఉన్నారు. సామాను విప్పాలా, మూట కట్టుకునే ఉంచాలా? ఇల్లు కట్టాలా, గుడారంలోనే గడపాలా? పిల్లల పెళ్లిళ్లు ఇక్కడే చేయాలా, ఊరికి తిరిగివెళ్లాక చేయాలా?

ఈ ప్రశ్నకు ఒక జవాబు అప్పటికే ప్రచారంలో ఉంది. ముందు అధ్యాయం, అంటే 28 చదివితే హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. దేవాలయంలో, యాజకుల ముందు, ప్రజలందరి ముందు నిలబడి రెండు సంవత్సరాలన్నాడు. రెండేళ్లలో దేవుడు బబులోను కాడి విరిచేస్తాడు, తీసుకుపోయిన పాత్రలు తిరిగొస్తాయి, యెకొన్యా తిరిగొస్తాడు, జనమంతా తిరిగొస్తారు. మాట దేవుని పేరుతోనే చెప్పాడు. బబులోనుకు లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి అందరూ చూస్తుండగా విరిచాడు కూడా. ఇప్పుడైతే ఆ క్లిప్పు సాయంత్రానికల్లా అందరి ఫోన్లలో ఉండేది.

అప్పుడు యిర్మీయా ఏమన్నాడో గమనించండి. ఆమేన్ అన్నాడు. యెహోవా ఆలాగే చేయునుగాక అన్నాడు. అతనికేం, జనం తిరిగిరావడం ఇష్టం లేకనా? ఇష్టమే. కానీ తనకు ఇష్టమైనదీ, దేవుడు చెప్పినదీ ఒకటి కావని అతనికి తెలుసు. హనన్యా ఆ మాట చెప్పింది ఐదో నెలలో. ఏడో నెలలో చచ్చిపోయాడు.

ఆ తర్వాతి అధ్యాయంలోనే ఈ ఉత్తరం ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి పండ్లు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, మీ కొడుకులకూ కూతుళ్లకూ చేయండి, వాళ్లూ పిల్లల్ని కనాలి. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయండి. మీ మధ్య కలలు చెప్పే ప్రవక్తల మాట వినకండి. ఇదంతా అయ్యాక పదో వచనంలో లెక్క వస్తుంది. బబులోనుకు డెబ్బై సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను. ఆ వెంటనే పదకొండో వచనం.

ఈ డెబ్బైని ఎక్కడినుంచి ఎక్కడిదాకా లెక్కపెట్టాలన్నదాని మీద ఒకటి కంటే ఎక్కువ అభిప్రాయాలున్నాయి. నెబుకద్నెజరు అధికారంలోకి వచ్చిన క్రీ.పూ. 605 నుంచి, బబులోను పారసీక రాజు కోరెషు చేతికి చిక్కిన 539 దాకా కొందరు లెక్కపెడతారు. దేవాలయం కూలిన 586 నుంచి, తిరిగి కట్టడం పూర్తయిన 516 దాకా ఇంకొందరు లెక్కిస్తారు. ఎలా లెక్కపెట్టినా ఒక సంగతి మారదు. ఆ ఉత్తరం చదవగా విన్న నలభై ఏళ్లవాడు సొంత ఊరు చూడడు, బబులోను మట్టిలోనే కలిసిపోతాడు. అతని మనవడు చూస్తాడేమో.

అదే నన్ను నిలబెట్టేసిన చోటు. "నీకు మంచి రోజులు రాబోతున్నాయి, ఈ సంవత్సరమే" అని జనవరి 1న ఈ వచనం మీద ప్రసంగం చేస్తే, నోట్లో ఉన్నది యిర్మీయా వాక్యమే గానీ చెప్తున్నది హనన్యా సందేశం. హనన్యాను కాదనడానికి రాసిన ఉత్తరంలోంచి ఒక వచనం కోసి, దాన్ని హనన్యా నోట్లో పెడుతున్నాం. అది కూడా పూర్తి భక్తితో.

అంకెలు చేసే పని

ఇలా కోయడానికి మనకు ఒక కత్తి కూడా ఎవరో ఇచ్చారు. యిర్మీయా రాసినప్పుడు అధ్యాయాలు లేవు, వచనాల అంకెలూ లేవు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దపు ఇంగ్లీషు ఆర్చిబిషప్పు స్టీఫెన్ లాంగ్టన్ చేసిందని చెప్తారు. కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచనాల అంకెలు వేసినవాడు ఫ్రెంచ్ ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్, 1551లో. వెతుక్కోవడానికి అవి ఎంతో సాయం. కానీ ప్రతి వచనం తనంతట తాను నిలబడే మాట అనే భ్రమ కూడా వాటితోనే వచ్చింది. ఇంటినుంచి వచ్చిన ఉత్తరంలో పదకొండో వాక్యం ఒక్కటే చదివి మడిచి పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటారా?

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న ఫిలిప్పీ 4:13దీ అదే కథ. పరీక్షల కాలంలో హాల్ టికెట్‌తో పాటు ఇది కూడా జేబులో ఉంటుంది. పైవచనంలో పౌలు చెప్తున్నది కడుపు నిండినా, ఆకలితో ఉన్నా, కలిగినా, లేకపోయినా ఎలా ఉండాలో నేర్చుకున్నానని. రాస్తున్నది చెరసాలనుంచి. సమస్తమును చేయగలను అంటే పస్తు కూడా ఉండగలను అని. ర్యాంకు రాని పిల్లవాడికే ఈ వచనం ఎక్కువ అవసరం, కానీ ఫలితాలు రాగానే ఆ కార్డు అతని జేబులోంచి మాయమవుతుంది.

మన తెలుగులోనే ఉన్న చిక్కులు, సాయాలు

బైబిలు అర్థం చేసుకోవాలంటే హెబ్రీ, గ్రీకు రావాలని కొందరు భయపెడతారు. వస్తే మంచిదే. కానీ ముందు మన చేతిలో ఉన్న తెలుగును జాగ్రత్తగా చదివితే చాలా దూరం వెళ్లొచ్చు. మన చర్చిల్లో చదివే పాత అనువాదం తెలుగు ఒక ప్రత్యేకమైన తెలుగు. సమాధానం అంటే బడిలో ప్రశ్నకు రాసేది. బైబిల్లో శాంతి. నిరీక్షణ అంటే బయట ఎదురుచూపు, బైబిల్లో ఆశ. సంఘం అంటే బయట మహిళా సంఘం, రైతు సంఘం, బైబిల్లో విశ్వాసుల సమూహం. చర్చిలో పుట్టిపెరిగినవాళ్లకు ఈ తేడా తెలియకుండానే అలవాటైపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు "సమాధానకరమైన ఉద్దేశములు" అంటే దేవుడు నా ప్రశ్నలకు జవాబులిస్తాడనుకుంటే వాళ్ల తప్పేం లేదు.

ఆ సమాధానం వెనక ఉన్న హెబ్రీ మాట షాలోమ్. గొడవలు లేకపోవడం ఒక్కటే కాదు, అన్నీ సరిగ్గా, నిండుగా ఉండటం. ఏడో వచనంలో ఇదే మాట మూడుసార్లు వస్తుంది. అక్కడ మన అనువాదకులు క్షేమం అని రాశారు. ఆ పట్టణం క్షేమం కోరండి, దాని క్షేమమే మీ క్షేమానికి కారణం. రెండు మాటలూ సరైనవే, తెలుగులో సహజంగానే ఉన్నాయి. కానీ ఒక ముడి కనిపించకుండా పోయింది. మీ గురించి నేను షాలోమ్ తలుస్తున్నాను అని పదకొండులో అంటున్న దేవుడు, మీరు మీ శత్రువు ఊరికి షాలోమ్ కోరండి అని ఏడులోనే చెప్పేశాడు. పొరుగువాడి క్షేమంతో కలిపి ఇచ్చిన క్షేమం అది. విడిగా పర్సులో పెట్టుకునేది కాదు.

ఇంకో సంగతిలో మాత్రం తెలుగు మనకు పెద్ద సాయం. ఇంగ్లీషులో ఒకరిని అన్నా పదిమందిని అన్నా యూ ఒక్కటే. మనకు నీవు, మీరు వేరు. మామూలు మాటల్లో మీరు గౌరవానికి కూడా వాడతాం గానీ పాత అనువాదం ఒక్కడిని నీవు అనే అంటుంది. రాజైనా నీవే, దేవుడైనా నీవే. కాబట్టి అక్కడ "మిమ్మును" అని కనిపిస్తే ఒకరికంటే ఎక్కువమంది అని ధైర్యంగా అనుకోవచ్చు. 29:11లో ఉన్నది "మిమ్మును". దేవుడు నాతో మర్యాదగా మాట్లాడుతున్నాడని కాదు. చెదిరిపోయిన ఒక జనాంగంతో మాట్లాడుతున్నాడు.

లూకా 22:31, 32లో ఈ తేడా ఇంకా అందంగా ఉంటుంది. సీమోనూ, సాతాను మిమ్మును గోధుమలవలె జల్లించడానికి కోరుకున్నాడు, నేనైతే నీ నమ్మిక తప్పిపోకుండా నీ కొరకు వేడుకున్నాను. జల్లెడ పడేది అందరినీ. ప్రార్థన పేతురు కోసం. తెలుగు చదివేవాడికి ఇది వ్యాఖ్యానం అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

మేము, మనము కూడా అలాంటివే. గ్రీకులో ఆ తేడా లేదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ప్రతిచోటా ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. 1 యోహాను 1:3లో మేము చూచినది, వినినది మీకు చెప్తున్నాం అని మొదలుపెట్టి, "మన సహవాసమైతే తండ్రితో" అన్న చోట మా కాస్తా మన అయిపోతుంది. అక్కడ "మా" అని ఉంచినా వ్యాకరణం ఒప్పుకునేదే. మన అని రాయడంతో చదివేవాణ్ణి కూడా లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. అనువాదమే మొదటి వ్యాఖ్యానం అని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. అందుకే అనుమానం వచ్చిన చోట ఒకటికి రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోవడం మంచి అలవాటు.

మరి ఆ వచనం మనది కాదా?

ఇక్కడిదాకా చెప్తే సాధారణంగా ఒకరు లేచి అడుగుతారు. "అయితే బ్రదర్, ఆ వాగ్దానం యూదులకేనా? మాకేం లేదా?" న్యాయమైన ప్రశ్న. సందర్భం చెప్పి వచనాన్ని లాక్కుని వెళ్లిపోయే బోధకులను నేనూ చూశాను. అదీ నమ్మకమైన వ్యాఖ్యానం కాదు.

అపొస్తలుల కార్యములు 8లో ఐతియోపీయుడైన ఒక అధికారి రథం మీద కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్తుంటాడు. దారిలో కలిసిన సువార్తికుడు ఫిలిప్పును అతను అడిగిన ప్రశ్న చూడండి. ప్రవక్త ఎవరి గురించి చెప్తున్నాడు, తన గురించా, వేరొకరి గురించా? "ఇది నాకేం చెప్తోంది" అని అతను మొదలుపెట్టలేదు. ఎవరి గురించో తెలుసుకున్నాడు, దానిలోంచి యేసు దగ్గరికి వచ్చాడు. ఆ తర్వాత నీళ్లు కనిపించగానే "నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అని తన సంగతి ఎత్తాడు. అతనికి ఆ వరస ఎవరూ నేర్పలేదు. అయినా అంతకంటే మంచి వరస నాకు తెలియదు.

అదే వరసలో మన వచనాన్ని పెడదాం. మొదట అది బబులోనులో ఉన్న యూదులది. వాళ్ల విషయంలో నెరవేరింది కూడా. దానియేలు 9వ అధ్యాయం ప్రకారం ఈ వాగ్దానాన్ని చదివి, లెక్క చూసుకున్న ఒక పాఠకుడు మనకు తెలుసు, దానియేలే. డెబ్బై ఏళ్లు పూర్తికావస్తున్నాయని గ్రహించినప్పుడు అతనేం చేశాడు? గోనెపట్ట కట్టుకుని, బూడిద చల్లుకుని, ఉపవాసముండి, జనం పాపాలను తన పాపాలుగా ఒప్పుకున్నాడు. వాగ్దానం దొరికిందని ఎగిరి గంతులేయలేదు.

తర్వాత, వాగ్దానాలన్నీ క్రీస్తునందు అవును అన్నట్టుగా ఉన్నాయని 2 కొరింథీ 1:20 అంటుంది. అంటే పాత నిబంధన వాగ్దానానికీ నాకూ మధ్య నేరుగా దారి లేదు, ఆయన మీదుగా ఉంది. ఈ ఉత్తరం విషయంలో ఆ దారిని కొత్త నిబంధనే వేసి పెట్టింది. పేతురు తన మొదటి పత్రికలో విశ్వాసులను చెదరినవాళ్లని, పరదేశులని, యాత్రికులని పిలుస్తాడు. చివర్లో బబులోను పేరు కూడా ఎత్తుతాడు. క్రీస్తులో ఉన్నవాళ్లు ఈ లోకంలో ఒక రకంగా చెరలో ఉన్న జనమే అని అతని ఉద్దేశం. అప్పుడు 29వ అధ్యాయం మనదవుతుంది. కానీ పదకొండో వచనం ఒక్కటే కాదు, ఐదునుంచి మొత్తం. ఇల్లు కట్టు, చెట్టు నాటు, పిల్లల్ని పెంచు, నిన్ను ఇష్టపడని ఊరి మేలు కోరు, తొందరపెట్టే ప్రవక్తలను నమ్మకు, ఎక్కువకాలం పట్టేదానికి సిద్ధపడు.

కువైట్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న తెలుగు సహవాసాల్లో ఈ వచనం చదివినప్పుడు కళ్లు చెమర్చేవాళ్లుంటారు. అర్థం చేసుకోగలను. వీసా కోసం ఎదురుచూసేవాడికి డెబ్బై ఏళ్ల మాట ఊరికే తాకదు. అయినా ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. యూదులను బందీలుగా తీసుకుపోయారు, మనం టికెట్ కొనుక్కుని వెళ్లాం. పోలిక కొంతవరకే నడుస్తుంది. అన్యాయంగా పాస్‌పోర్టు లాక్కుని పనిలో పెట్టుకున్న మనిషికి మాత్రం ఆ పోలిక చాలా దగ్గర.

ప్రతిదీ వాగ్దానం కాదు

బైబిలంతా ఒకే రకం రాత అయితే గొడవే లేదు. అందులో ఉత్తరాలున్నాయి, పాటలున్నాయి, చట్టాలున్నాయి, సామెతలున్నాయి. సామెతలు 22:6, బాలుడు నడవవలసిన త్రోవ నేర్పితే పెద్దవాడయ్యాక తొలగిపోడు అన్న వచనం, ఎంతమంది తల్లులను ఏడిపించిందో నాకు తెలుసు. కొడుకు తాగుడులో పడితే నేనే సరిగ్గా పెంచలేదేమో అని. మనం "మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం. నిజమే. కానీ మానై వంగినవాళ్లు లేరా? మొక్కప్పుడు వంగి తర్వాత విరిగినవాళ్లు లేరా? సామెత లోకంలో ఎక్కువసార్లు జరిగేది చెప్తుంది, రాసిచ్చిన హామీ కాదు. "ఆలస్యం అమృతం విషం" అన్న నోటితోనే "నిదానమే ప్రధానం" అంటాం, ఎవరూ మనల్ని అబద్ధికులనరు. సామెతలు 26:4, 5 కూడా అంతే. మూర్ఖుడికి వాడి మూర్ఖతచొప్పున జవాబివ్వకు అంటుంది ఒకటి, ఇవ్వు అంటుంది పక్కనున్నది. ఏది ఎప్పుడో తెలుసుకోవడమే జ్ఞానం.

చట్టాల సంగతి వేరు. ద్వితీయోపదేశకాండము 22:8 నాకు చాలా ఇష్టం. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవడైనా పైనుంచి పడితే ఆ రక్తదోషం నీ ఇంటి మీద ఉంటుంది. ఆ దేశంలో చదునైన డాబాల మీద కూర్చునేవాళ్లు, పడుకునేవాళ్లు, మన వేసవి రాత్రుల్లాగే. మూడు వచనాలు దాటితే ఉన్నీ, నార కలిపి నేసిన బట్ట తొడుక్కోవద్దని ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేయడం మోసం కాదా అని అడిగేవాళ్లున్నారు. బట్టల నియమం ఇశ్రాయేలును ప్రత్యేకమైన జనంగా గుర్తుపట్టించే కట్టుబాట్లలో ఒకటని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. ఆ గోడలు క్రీస్తులో కూలాయి. పిట్టగోడ వెనక ఉన్న ప్రేమ మాత్రం కూలలేదు. నీరు పడలేదని బోరుబావిని మూత పెట్టకుండా వదిలేసి వెళ్లిన మనిషి రోజూ ఎన్ని అధ్యాయాలు చదివినా ఈ వచనాన్ని చదవనట్టే. మన ఊళ్లలో ఆ గుంతల్లో పడ్డ పిల్లల వార్తలు చదివినప్పుడల్లా నాకు పిట్టగోడే గుర్తొస్తుంది.

కథలు ఆజ్ఞలు కావు. గిద్యోను ఉన్నిబొచ్చు పరచి దేవుణ్ణి రెండుసార్లు పరీక్షించాడు. అది అతని భయం గురించిన కథ, సంబంధం కుదుర్చుకునే పద్ధతి కాదు. దావీదు ఏరుకున్న ఐదు రాళ్లకు ఐదు ఆత్మీయ అర్థాలు చెప్పే ప్రసంగాలు వినడానికి బాగుంటాయి. సరదాగా విని వదిలేయొచ్చు.

ఒక వచనం దగ్గర మాత్రం సరదా పనికిరాదు. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు." సంఘం లెక్కలు అడిగితే, ఒక ఆడపిల్ల తనకు జరిగినది చెప్పుకుంటే, కొన్ని చోట్ల నోరు మూయించడానికి వాడేది ఇదే. 105వ కీర్తన 12 నుంచి 15 దాకా చదవండి. అక్కడ అభిషిక్తులు ఎవరు? కొద్దిమందిగా, దేశంకాని దేశంలో తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కుటుంబం. హెచ్చరిక ఎవరికి? రాజులకు. బలం లేనివాళ్లకు హాని చేయవద్దని బలమున్నవాళ్లకు చెప్పిన మాట అది. దాన్ని తిప్పి బలమున్నవాడి చేతిలో కర్రగా పెట్టారు. వచనాన్ని తలకిందులు చేయడమంటే ఇదే.

"అయ్యగారు చెప్పారు" అన్నది మన సంఘాల్లో చాలాసార్లు ఆఖరి మాట. కానీ బెరయ అనే ఊళ్లో జనం పౌలు చెప్పినదాన్నే ప్రతిదినం లేఖనాల్లో పరిశోధించారు. ఆ సంగతి రాసిన లూకా దాన్ని తప్పని రాయలేదు, ఘనులని రాశాడు. "ఆత్మ నాకు బయలుపరచాడు" అన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. యేసును శోధించేటప్పుడు దేవాలయ శిఖరం మీద సాతాను 91వ కీర్తననే ఎత్తి చెప్పాడు. మన గుమ్మాల మీద అంటించుకునే కీర్తనే. యేసు ఆ వచనం అబద్ధమనలేదు. "మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు. ఒక వచనాన్ని ఇంకో వచనం పక్కన కూర్చోబెట్టి చదవడం ఆయన దగ్గరే నేర్చుకోవచ్చు.

ఇంతకీ ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు ఏం చేశారు? బబులోను ప్రాంతంలో దొరికిన సుమారు 200 మట్టిపలకల్లో అల్-యాహూదు అనే ఊరి పేరు వస్తుంది. యూదా పట్టణం అని అర్థం. వాటిలో పాతది క్రీ.పూ. 572 నాటిది. అప్పులు, కౌళ్లు, ఖర్జూరం, బార్లీ లెక్కలు. యెహోవా పేరు కలిసిన పేర్లున్న మనుషులు పొలాలు దున్నుతున్నారు, పన్నులు కడుతున్నారు. వాళ్లందరూ యిర్మీయా మాట విన్నారని ఆ పలకల్లో రాసి లేదు. కానీ ఎవరో ఇళ్లు కట్టారు, తోటలు నాటారు.

అందరికీ నచ్చలేదు. షెమయా అనే ఒకతను బబులోనునుంచి యెరూషలేము యాజకుడికి తిరుగు ఉత్తరం రాశాడు. ఇలాంటి వెర్రివాణ్ణి బొండలో, అంటే కాళ్లు బిగించే కొయ్యలో, బిగించక ఎందుకు ఊరుకున్నారని గట్టిగా అడిగాడు. యిర్మీయా ఉత్తరంలోని మాటలను అందులో ఎత్తి రాశాడు కూడా. చాలాకాలం పడుతుంది, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పండ్లు తినండి అంటున్నాడు అని. 29వ అధ్యాయం 28వ వచనంలో ఉంది. అతనికి ఐదో వచనం ఒక్కటే గుర్తుంది, పదకొండోది గుర్తులేదు.